ఆటను మార్చుకొన్న ఆటగాడు

తెలుగువారి లోకోక్తులలో ఒకదానికొకటి ఎదురు నిలిచేవి రెండు ఉన్నాయి. పట్టిన పట్టు విడువని వానిని చూచి, ‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటాడు’ అని నవ్వుతాము. కాలానికి తగినట్లు నడత మార్చుకొనే వానిని చూచి, ‘ఏ యెండకా గొడుగు పడతాడు’ అని ఏవగించుకొంటాము. మారనివాడు మూర్ఖుడు, మారినవాడు అవకాశవాది. ఈ రెండు నిందలకూ నడుమ మనిషి నిలువదగిన చోటు ఏది? పిల్లవానికి ‘పట్టుదల కలిగి ఉండు’ అని ఒక పూట చెప్పి, ‘పరిస్థితిని గమనించి సర్దుకొని పో’ అని మరొక పూట చెప్పే ఉపాధ్యాయునికి ఈ ప్రశ్న ఏనాడో ఒకనాడు ఎదురు కాక తప్పదు.

మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన కథలలో ఒకటి ఈ ప్రశ్నను తాకుతుంది. వేళ్లతో పెకలించిన మహావృక్షాలను మోసుకొని వస్తున్నారు గదా, గట్టున పెరిగే ప్రబ్బలి ఒక్కటైనా మీ వెంట కొట్టుకొని రాదేమని సముద్రుడు నదులను అడుగుతాడు. గంగ సమాధానం చెబుతుంది. చెట్టు ప్రవాహవేగానికి ఎదురు నిలుస్తుంది కనుక కూలుతుంది. ప్రబ్బలి వంగుతుంది, వేగం తగ్గగానే మరల తన చోటనే లేచి నిలుస్తుంది. ఈ కథ విన్నవారికి గుర్తుండేది వంగడం. గుర్తుంచుకొనవలసినది, అది తన చోటనే మరల లేవడం. వరద తీసిన తరువాత ప్రబ్బలి మరొక గట్టున కన్పించదు. వేరు కదలనందువల్లనే దాని వంపునకు విలువ కలిగినది.

వేరు కదలనీయక వంగడం ఎట్లో తన జీవితంలో చూపినవారిలో అమెరికా దేశపు టెన్నిస్ వీరుడు ఆర్థర్ ఆష్ ఒకడు. అతని పేరు చెప్పగానే క్రీడాభిమానులు ముందుగా తలచుకొనేది ఒక్క మధ్యాహ్నపు ఆటను. ఆ ఆటను కొంచెం వివరంగా తెలుసుకొంటే గాని అతని మనస్సు పనిచేసిన తీరు బోధపడదు.

అది 1975 జులై 5. లండన్ నగరంలో వింబుల్డన్ పచ్చిక కోర్టుపై పురుషుల సింగిల్స్ తుదిపోటీ. వలకు ఒకవైపు జిమ్మీ కానర్స్. వయస్సు 22. అంతకు ముందటి సంవత్సరం ఆస్ట్రేలియా, వింబుల్డన్, అమెరికా పోటీలు మూడింటినీ గెలిచినవాడు. ఆ యేడు వింబుల్డన్‌లో తుదిపోటీకి చేరేవరకు ఒక్క సెట్టు కూడా పోగొట్టుకొనలేదు. వలకు రెండవవైపు ఆష్. మరి అయిదు దినాలలో అతనికి 32 ఏండ్లు నిండుతాయి. అంతకు మునుపు కానర్స్‌తో మూడుసార్లు తలపడి మూడుసార్లూ ఓడినాడు. ఈసారి ఫలితం వేరుగా ఉండగలదని నమ్మినవారు మిక్కిలి తక్కువ.

ఆష్ ఆటకు ఒక సహజ లక్షణం ఉండేది. మాటలో, నడతలో ఎంత నిదానమో, రాకెట్టు చేతబట్టినప్పుడు అంత సాహసం. సర్వీసు పిడుగువలె వచ్చేది. సందు దొరికితే చాలు, గీతల అంచులకు గురిపెట్టి బంతిని బలంగా కొట్టేవాడు. గెలిచినప్పుడు ఆ ఆట చూడముచ్చటగా ఉండేది. అయితే కానర్స్ ఎదుట అదే అతనికి శత్రువైనది. ఏలనంటే, కానర్స్ బలమంతా ఎదుటివాని బలాన్ని వాడుకొనడంలో ఉన్నది. వేగంగా వచ్చిన బంతిని అంతకు మించిన వేగంతో తిప్పి కొట్టడం అతని విద్య. ఆ యేటి సెమీఫైనల్‌లో రాస్కో టానర్ అనే ఆటగాడు తన శక్తినంతా వినియోగించి కొట్టిన బంతులు కానర్స్ రాకెట్టును తాకి మరింత వేగంగా తిరిగి వచ్చినవి. టానర్ వరుసగా మూడు సెట్లలో ఓడినాడు. ఆ ఆటనుంచి ఆష్ పాఠం తీసికొన్నాడు.

తుదిపోటీకి ముందు మిత్రులతో కూర్చుండి ఆలోచించి, తన సహజమైన ఆటను పక్కన పెట్టవలెనని ఆష్ నిశ్చయించుకొన్నాడు. బంతికి వేగం ఇవ్వరాదు. కానర్స్ ఎడమచేతివాటం కలవాడు. బ్యాక్‌హ్యాండ్‌ను రెండు చేతులతో కొడతాడు, కనుక దూరంగా పోయే బంతిని అందుకొనడం అతనికి కష్టం. కావున సర్వీసును కోసి, కోర్టు బయటికి తిరిగిపోయేటట్లు వేయవలె. ఫోర్‌హ్యాండ్ వైపు మెత్తగా, పచ్చికను రాసుకొనేటంత తక్కువ ఎత్తులో బంతిని పంపవలె. వల దగ్గరికి వచ్చినప్పుడు తలమీదుగా ఎత్తి వేయవలె. క్లుప్తంగా చెప్పవలెనంటే, వాడుకొనడానికి ఎదుటివానికి ఏ బలమూ దొరకరాదు.

కాగితంమీద ఇది సులభమే. కాని ఇరవై అయిదేండ్లుగా చేతికి అలవాటైన దెబ్బను, జీవితంలో అన్నిటికన్న పెద్ద పోటీనాడు, వేలమంది చూస్తుండగా మానుకొనడం సులభం కాదు. సంగీత విద్వాంసుడు తనకు పేరు తెచ్చిన రాగాన్ని వదలి, మహాసభలో మరొక రాగం ఎత్తుకొనడం వంటిది అది. పొరపాటు జరిగితే, ‘చేతనైన ఆట ఆడక చెడినాడు’ అనే మాట పడవలసివస్తుంది.

మొదటి సెట్టు ఆష్ 6–1తో గెలిచినాడు. రెండవ సెట్టు కూడా 6–1. సభ విస్తుపోయినది. కోర్టు వైపులు మారే విరామాలలో ఆష్ కుర్చీలో కూర్చుండి కన్నులు మూసుకొనేవాడు. నిద్రపోతున్నాడా అని ప్రేక్షకులు అనుకొన్నారట. అతడు తనను తాను కూడదీసుకొంటున్నాడు. తరువాత ఆట తిరిగినది. మూడవ సెట్టు కానర్స్ 7–5తో గెలిచినాడు. నాలుగవ సెట్టులో 3–0తో ముందుకు పోయినాడు.

ఆ పోటీలో అసలైన పరీక్ష ఇక్కడ వచ్చినది. పన్నాగం పారుతున్నప్పుడు దానిని నమ్మడం గొప్ప కాదు. అది విఫలమవుతున్నట్లు కన్పించినప్పుడు ఏమి చేయవలె? పాత అలవాటు చేతిలో మేల్కొంటుంది. ఇక నీ సొంత ఆట ఆడు, బలంగా కొట్టు అని పోరు పెడుతుంది. ఆష్ ఆ పోరును వినలేదు. తొలి రెండు సెట్లలో సరియైన ఆలోచన, మూడు గేములు పోయినంత మాత్రాన తప్పు కాదని గ్రహించినాడు. అదే మెత్తని బంతి, అదే కోసిన సర్వీసు. ఆ తరువాతి ఏడు గేములలో ఆరు అతనివే అయినవి. నాలుగవ సెట్టు 6–4. వింబుల్డన్ సింగిల్స్ కిరీటం పొందిన తొలి నల్లజాతి పురుషుడు ఆర్థర్ ఆష్.

ఇందులో రెండు గుణాలు కలిసి ఉన్నాయి. ఆట మొదలు కాకముందు చూపినది మార్పునకు సంసిద్ధత. నాలుగవ సెట్టులో చూపినది పట్టుదల. మొదటిది లేకుంటే అతడు టానర్ వలె ఓడేవాడు. రెండవది లేకుంటే గెలువబోయే ఆటను చేజార్చుకొనేవాడు. పట్టుదల, సర్దుబాటు పరస్పర విరోధులు కావనీ, ఒకే మనస్సుకు రెండు చేతులనీ ఆ మధ్యాహ్నం ఋజువైనది.

ఇట్టి మనస్సు ఒక్క రాత్రిలో తయారు కాదు. అది ఎక్కడ రూపుదిద్దుకొన్నదో తెలియవలెనంటే ఆష్ బాల్యానికి పోవలె.

అతడు 1943 జులై 10న వర్జీనియా రాష్ట్రంలోని రిచ్మండ్ నగరంలో జన్మించినాడు. ఆ నగరంలో ఆనాడు తెల్లవారికొక బడి, నల్లవారికొక బడి. ఉద్యానాలు వేరు, ఆటస్థలాలు వేరు. ఆష్ తండ్రి, నల్లజాతివారికి ప్రత్యేకించిన బ్రూక్ ఫీల్డ్ అనే క్రీడోద్యానానికి సంరక్షకుడు. వారి ఇల్లు ఆ ఉద్యానంలోనే ఉండేది. గడప దాటితే టెన్నిస్ కోర్టులు. 1950లో, ఆరేండ్ల వయస్సులో, బాలుడు తల్లిని పోగొట్టుకొన్నాడు. ఆ రోజులలోనే రాన్ చారిటీ అనే కళాశాల విద్యార్థి అతనికి రాకెట్టు పట్టడం నేర్పినాడు. నగరంలో మంచి కోర్టులున్న బర్డ్ పార్కులో ఆడబోతే, నల్లవానికి ఇక్కడ చోటు లేదని వెనుకకు పంపినారు.

పిల్లవాని నేర్పు గమనించి చారిటీ అతనిని లించ్‌బర్గ్ పట్టణంలోని డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్ వద్దకు చేర్చినాడు. జాన్సన్ వృత్తిచేత వైద్యులు. తమ ఇంటి పక్కన కోర్టు వేయించుకొని, వేసవి సెలవులలో నల్లజాతి బాలబాలికలను చేరదీసి టెన్నిస్ నేర్పేవారు. 1957లో వింబుల్డన్ మహిళల కిరీటం గెలిచిన ఆల్తియా గిబ్సన్ సైతం ఆయన వద్ద శిక్షణ పొందినదే. పదేండ్ల ఆష్ అక్కడ చేరినప్పుడు ఒక ముచ్చట జరిగినది. ఏదో దెబ్బ కొట్టే తీరు మార్చుకొనుమంటే, ‘చారిటీగారు నాకు ఇట్లు నేర్పలేదు’ అని పిల్లవాడు మొండికెత్తినాడు. తండ్రికి కబురు పోయినది. ఆయన రిచ్మండ్ నుంచి వచ్చి, ఇకపై డాక్టరుగారు చెప్పినట్లు నడుచుకొనవలెనని కుమారునికి స్పష్టంగా చెప్పి వెళ్లినారు. ఆష్ మరి ఎదురాడలేదు. మొదటి గురువుమీది భక్తికీ, రెండవ గురువు వద్ద నేర్చుకొనడానికీ విరోధం లేదని అతనికి ఆనాడు తెలిసివచ్చినది. వింబుల్డన్‌లో తన ఆటను తానే పక్కన పెట్టగలిగిన చేయి ఇక్కడ మొదటిసారి వంగినది.

జాన్సన్ నేర్పిన విద్యలో దెబ్బలకన్న నడతకు ప్రాధాన్యం ఎక్కువ. ఎదుటివాడు కొట్టిన బంతి గీతకు రెండంగుళాలు బయట పడినా లోపల పడినట్లే భావించి ఆడవలె. అంపైరుతో వాదించరాదు. రాకెట్టు విసరరాదు. కోపం ముఖంమీదికి రానీయరాదు. బంతిని ఎదుటివానికి చేతికందించవలె. ఇది కేవలం మర్యాద నేర్పడం కాదు. తెల్లవారి పోటీలలో నల్లజాతి పిల్లలకు ప్రవేశమే దుర్లభం. ప్రవేశం దొరికినప్పుడు, చిన్న తగవు ఏర్పడినా చాలు, ‘వీరిని రానిస్తే ఇట్లే ఉంటుంది’ అని తలుపు మూసే ప్రమాదం ఉండేది. ఆ సాకు ఎవరికీ దొరకకుండా జేయడం జాన్సన్ ఉద్దేశం.

ఉపాధ్యాయులు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలె. ఆష్ శాంతాన్ని లోకమంతా మెచ్చుకొన్నది. కాని ఆ శాంతం అన్యాయపు నీడలో మొలచినది. తెల్లజాతి బాలుడు రెండంగుళాల బంతిని వదలుకొననక్కరలేదు. నల్లజాతి బాలుడు వదలుకొనవలె. అట్టి ఓర్పును పిల్లలకు గుణమని నేర్పవచ్చునా? అన్యాయాన్ని మ్రింగడం నేర్పి దానికి మనోనిబ్బరమని పేరు పెట్టడం కాదా? ఈ శంక న్యాయమైనది. దీనికి సమాధానం జాన్సన్ కోర్టులో దొరకదు. ఆ ఓర్పును ఆష్ తరువాత ఏమి చేసినాడన్న దానిలో దొరుకుతుంది.

రిచ్మండ్‌లో చలికాలంలో ఆడదగిన లోపలి కోర్టులలోనికి అతనికి ప్రవేశం లేదు. కనుక పాఠశాల చివరి సంవత్సరానికి, 1960లో, సెయింట్ లూయీ నగరానికి పంపినారు. అక్కడ కొయ్యనేలమీద బంతి జర్రున జారిపోయేది. మట్టికోర్టుమీద ఓపికతో బంతిని తిప్పి పంపడం అలవాటైన బాలుడు, సర్వీసు వేసి వలవైపు పరుగెత్తే వేగపు ఆటను అక్కడ అలవరచుకొన్నాడు. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థివేతనం ఇచ్చినది. 1963లో అమెరికా డేవిస్ కప్పు జట్టులో చోటు పొందిన తొలి నల్లజాతి ఆటగాడైనాడు. 1966లో వ్యాపార పాలనాశాస్త్రంలో పట్టం పుచ్చుకొన్నాడు. 1968లో, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉంటూ, మొట్టమొదటి అమెరికా ఓపెన్ పోటీని గెలిచినాడు. అతడు అప్పటికి అమెచ్యూరు ఆటగాడు కనుక మొదటి బహుమతి 14,000 డాలర్లు తీసికొనడానికి నిబంధనలు ఒప్పుకొనలేదు. ఆ సొమ్ము తుదిపోటీలో ఓడిన హాలండ్ ఆటగాడు టామ్ ఓకర్‌కు పోయినది.

అదే సంవత్సరం మెక్సికో ఒలింపిక్ పోటీలలో టామీ స్మిత్, జాన్ కార్లోస్ అనే నల్లజాతి పరుగుపందెగాండ్రు బహుమతి వేదికపై పిడికిళ్లు ఎత్తి నిరసన తెలిపినారు. అమెరికా నగరాలు అశాంతితో మండుతున్న కాలమది. ఆ వేడిలో ఆష్ నిదానం కొందరు సొంతవారికే పిరికితనంగా తోచినది. తెల్లని దుస్తులు ధరించి, తెల్లవారి ఆట ఆడుతూ, తల వంచుకొని పోయేవాడని ఆక్షేపించినారు. ఈ మాట అతనిని తాకకపోలేదు. కాని తనది కాని గొంతుతో అరవడానికి అతడు పూనుకొనలేదు. తన గొంతు తనకు ఎక్కడ పనికివస్తుందో వెదకినాడు.

అది దక్షిణాఫ్రికా విషయంలో దొరికినది. వర్ణవివక్ష శాసనమై ఉన్న ఆ దేశంలో టెన్నిస్ పోటీలో ఆడడానికి 1969లో అతడు అనుమతి కోరినాడు. ప్రభుత్వం నిరాకరించినది. ఆ నిరాకరణను అతడు లోకం ఎదుట పెట్టినాడు. 1970లో దక్షిణాఫ్రికాను డేవిస్ కప్పునుంచి తొలగించినారు. అతడు మరల మరల అడిగినాడు. ఎట్టకేలకు 1973లో అనుమతి లభించినది. ప్రేక్షకులు జాతిభేదం లేక కలిసి కూర్చుండవలెనని షరతు పెట్టి వెళ్లినాడు. సింగిల్స్ తుదిపోటీలో కానర్స్ చేతిలో ఓడినాడు. ఓకర్‌తో కలిసి డబుల్స్ గెలిచినాడు. వెళ్లడమే తప్పు, అది అన్యాయ ప్రభుత్వానికి మర్యాద కల్పించడమే అని విమర్శించినవారు ఉన్నారు. స్వేచ్ఛగా తిరిగే నల్లజాతి మనిషిని అక్కడి పిల్లలు కన్నులార చూడవలెనని అతని భావం.

కాలం గడచినకొద్దీ, ఆటలాడి మనస్సులు మార్చవచ్చునన్న ఆశ చాలదని అతనికి స్పష్టమైనది. అప్పుడు దారి మార్చినాడు. 1983లో గాయకుడు హ్యారీ బెలఫాంటేతో కలిసి, కళాకారులూ క్రీడాకారులూ దక్షిణాఫ్రికాను బహిష్కరించవలెనని ఉద్యమం నడిపినాడు. 1985 జనవరిలో వాషింగ్టన్‌లో ఆ దేశపు రాయబార కార్యాలయం ఎదుట నిరసన తెలుపుతూ నిర్బంధితుడైనాడు. అప్పుడతడు అమెరికా డేవిస్ కప్పు జట్టుకు నాయకుడు. బాల్యంలో తప్పనిసరియై నేర్చుకొన్న మౌనాన్ని, పెద్దవాడై తన ఇచ్ఛకు లోబరచుకొన్నాడు. ఎప్పుడు ఊరకుండవలెనో, ఎప్పుడు మాటాడవలెనో నిర్ణయించేది ఇక అతడే. బలవంతపు ఓర్పు బానిసత్వం; అదే ఓర్పు మన చేతిలోని పనిముట్టు అయినప్పుడు స్వాతంత్ర్యం. పైన కలిగిన శంకకు అతని జీవితం ఇచ్చిన సమాధానం ఇది.

అయినా ఆ మౌనానికి వెల లేకపోలేదు. 1981నుంచి 1985వరకు జట్టు నాయకుడుగా ఉన్నప్పుడు అతనికి జాన్ మెకన్రోను నడపవలసి వచ్చినది. మెకన్రో మహాప్రతిభావంతుడు, మహాకోపిష్ఠి. అంపైర్లపై కేకలు వేసేవాడు. అతని ప్రవర్తనకు ఆష్ ఎన్నోసార్లు ఉడికిపోయినాడు. అయినా 1981, 1982 సంవత్సరాలలో జట్టు కప్పు గెలిచినది. తాను జీవితమంతా లోపలనే అణచుకొన్న కోపం మెకన్రో రూపంలో బయట తిరుగుతున్నట్లు తనకు తోచినదని ఆష్ తరువాతి కాలంలో ఒప్పుకొన్నాడు. నిబ్బరం అంటే కోపం లేకపోవడం కాదని ఈ ఒప్పుకోలు చెబుతుంది.

ఇంతలో శరీరం ఎదురు తిరిగినది. 1979 జులై 31న, 36 ఏండ్ల వయస్సులో, మంచి ఆరోగ్యవంతుడని అందరూ భావించే ఆ ఆటగానికి గుండెపోటు వచ్చినది. డిసెంబరులో బైపాస్ శస్త్రచికిత్స జరిగినది. మరల ఆడగలనని ఆశపడినాడు. 1980 మార్చిలో కైరో నగరంలో పరుగెత్తుతుండగా గుండెనొప్పి తిరిగి వచ్చినది. మరుసటి నెలలో పోటీలనుంచి విరమించినాడు.

రాకెట్టు చేజారిన క్రీడాకారులు పెక్కుమంది గతవైభవాన్ని తలచుకొంటూ కాలం గడుపుతారు. ఆష్ చదువువైపు మరలినాడు. ఫ్లోరిడాలోని ఒక కళాశాలలో నల్లజాతి క్రీడాకారులను గురించి పాఠం చెప్పబోతే, చాలినంత గ్రంథం ఏదీ కన్పించలేదు. లేని పుస్తకాన్ని తానే వ్రాయడానికి పూనుకొన్నాడు. సొంత ధనం వెచ్చించి, సహాయకులను పెట్టుకొని, ఏండ్ల తరబడి పాతపత్రికలూ దస్తావేజులూ వెదకించినాడు. మూడు సంపుటాల ‘ఎ హార్డ్ రోడ్ టు గ్లోరీ’ 1988లో వెలువడినది.

ఆ సంవత్సరమే అన్నిటికన్న పెద్ద దెబ్బ తగిలినది. కుడిచేయి మొద్దుబారి పని చేయడం మానినది. మెదడుకు శస్త్రచికిత్స చేసి పరీక్షించగా ఎయిడ్స్ వ్యాధి బయటపడినది. 1983లో జరిగిన రెండవ గుండె శస్త్రచికిత్సలో ఎక్కించిన రక్తంద్వారా అది ప్రవేశించినది. దానం చేసిన రక్తంలో హెచ్.ఐ.వి.ని కనిపెట్టే పరీక్ష అమెరికాలో అమలులోనికి వచ్చినది 1985లో. రెండేండ్ల తేడాలో ఒక జీవితం చిక్కుకొన్నది.

ఆ వ్యాధి పేరు చెబితే మనుషులు దూరంగా తొలగే రోజులవి. ఆష్ దంపతుల కుమార్తె కెమెరా అప్పటికి పసిపిల్ల. ఆమెకోసం, మూడేండ్లకు పైగా, దగ్గరి మిత్రులకు తప్ప ఎవరికీ చెప్పలేదు. 1992 ఏప్రిల్‌లో ఒక పత్రికకు విషయం పొక్కినది. ఇక దాచడం సాధ్యం కాదని తెలిసి, 8వ తేదీన అతడే విలేఖరులను పిలిచి ప్రకటించినాడు. వ్రాసుకొని వచ్చిన ప్రకటనను ఎప్పటివలెనే నెమ్మదిగా చదువసాగినాడు. కుమార్తె ప్రసక్తి వచ్చేసరికి గొంతు పూడుకొనిపోయినది. భార్య జీన్ లేచి వచ్చి తక్కిన వాక్యాలు చదివినది. కొంతసేపటికి అతడు మరల కాగితం అందుకొన్నాడు. జాన్సన్ కోర్టులో నేర్చుకొన్న ముఖసంయమం లోకమంతా చూస్తుండగా విచ్చిపోయినది. అతనికి అందులో ఓటమి కన్పించలేదు.

తరువాత పది నెలలు బ్రతికినాడు. ఆ పది నెలలలో అతడు చేసిన పనులు ఆరోగ్యవంతులకు కూడా చాల ఎక్కువ. ఎయిడ్స్ నివారణకై ఒక నిధి స్థాపించినాడు. సభలలో మాటాడినాడు. సెప్టెంబరులో, హైతీ శరణార్థుల పట్ల ప్రభుత్వ వైఖరికి నిరసనగా శ్వేతసౌధం ఎదుట నిలిచి మరల నిర్బంధితుడైనాడు. అర్నాల్డ్ రాంపర్సాడ్ సహాయంతో ‘డేస్ ఆఫ్ గ్రేస్’ అనే ఆత్మకథ వ్రాసినాడు. ఈ వ్యాధికన్న నల్లజాతివాడుగా బ్రతకడమే తనకు పెద్ద భారమైనదని నిస్సంకోచంగా చెప్పినాడు. ఈ కష్టం నాకే ఎందుకు వచ్చినదని దేవుని అడిగితే, నాకు కలిగిన భాగ్యాలు నాకే ఎందుకు కలిగినవని కూడా అడుగవలసి ఉంటుందని అతని వాదం. 1993 ఫిబ్రవరి 6న న్యూయార్క్‌లో, 49వ ఏట కన్నుమూసినాడు.

వెనుదిరిగి చూస్తే ఆ జీవితంలో మారనిది అంటూ పైకి ఏదీ కన్పించదు. మట్టికోర్టు ఆట కొయ్యనేలమీద మారినది. బలమైన దెబ్బ వింబుల్డన్‌లో మెత్తనైనది. దక్షిణాఫ్రికాకు వెళ్లవలెనన్న వాడే బహిష్కరించవలెనన్నాడు. రాకెట్టు పట్టిన చేయి కలం పట్టినది. రహస్యం ప్రకటన అయినది. ఏ యెండకా గొడుగు అనడానికి ఇంతకన్న ఏమి కావలె అని ఎవరైనా అడుగవచ్చు. అయితే ఒక్క మార్పు కూడా తన సుఖంకోసం చేసుకొన్నది కాదు. తక్కువవాడుగా ఎంచబడిన మనిషి తక్కువవాడు కాడని నిరూపించడం, అందుకు తాను మర్యాద తప్పకుండడం అనే రెండు వేళ్లు మొదటినుంచి చివరివరకు కదలలేదు. ఎండను తప్పించుకొనడానికి గొడుగు మార్చేవాడు అవకాశవాది. ఎండలో నడువవలసిన దూరం నడవడానికి గొడుగు మార్చేవాడు ధీరుడు.

పట్టుదల గలిగి ఉండుమని విద్యార్థికి చెప్పేటప్పుడు, దేనిమీద పట్టుదల అన్నది కూడా చెప్పవలె. ఒక పద్ధతిలో లెక్క రాకపోతే మరొక పద్ధతి వెదకడం ఓటమి కాదు. లెక్కను వదలివేయడం ఓటమి. కోరిన కళాశాలలో చోటు దొరకనివాడు మరొక దారిన చదువుకొనవచ్చు; చదువుమీది ప్రేమను పారవేయనక్కరలేదు. మార్చదగిన దానిని మార్చలేకపోవడం మొండితనమని, మార్చరాని దానిని మార్చుకొనడం లొంగుబాటని పిల్లలు తెలుసుకొంటే చాలు.

రిచ్మండ్ నగరంలో మాన్యుమెంట్ అవెన్యూ అనే రాజవీధి ఉన్నది. బానిసత్వం నిలుపడానికి పోరాడిన దక్షిణరాష్ట్రాల సేనానుల విగ్రహాలు ఒకప్పుడు ఆ వీధికి అలంకారాలు. 1996లో, ఎన్నో తర్జనభర్జనల తరువాత, ఆష్ విగ్రహాన్ని అక్కడ నెలకొల్పినారు. 2020, 2021 సంవత్సరాలలో ఆ సేనానుల విగ్రహాలను ఒక్కొక్కటిగా తొలగించినారు. ఆష్ విగ్రహం నిలిచి ఉన్నది. చుట్టూ పిల్లలు. ఒక చేతిలో రాకెట్టు, ఒక చేతిలో పుస్తకాలు. పుస్తకాలు పట్టిన చేయి, రాకెట్టు పట్టిన చేతికన్న పైకి ఎత్తి ఉన్నది.